కార్తె: గోదావరి డెల్టా సేద్యపు కాలమానం

ఆకాశంలో సూర్యుడు ఒక నక్షత్ర విభాగాన్ని దాటడానికి పట్టే కాలాన్ని కార్తె అంటారు. ఏడాదికి 27 కార్తెలు. ఒక్కో కార్తెకు 13 నుంచి 14 రోజులు. వారం కంటే పెద్దదీ నెల కంటే చిన్నదీ అయిన ఈ కొలత తెలుగు రైతుకు దుక్కి మొదలు కుప్పనూర్పిడి దాకా పనుల వేళలు చెప్పింది. తిథి, వారం పూజలకూ పెళ్ళిళ్ళకూ ఎంత ముఖ్యమో, సేద్యానికి కార్తె అంత ముఖ్యం. ఎండ, వాన, వరద, తుపాను నాలుగూ ఏటా పలకరించే గోదావరి డెల్టాలో కార్తెల పేర్లు ఇప్పటికీ రోజువారీ మాటల్లో ఉన్నాయి. రోహిణి ఎండలు, మృగశిర చల్లదనం, ఆరుద్ర పురుగు, స్వాతి వాన అన్న మాటలు పంచాంగం ఎన్నడూ తెరవని వాళ్ళ నోటా వినిపిస్తాయి.

కొలత

సూర్యుడు ఏడాది పొడవునా ఆకాశంలో నడిచినట్టు కనిపించే దారి 360 డిగ్రీలు. దాన్ని 27 సమ భాగాలు చేస్తే ఒక్కో భాగం 13 డిగ్రీల 20 నిమిషాలు. ఈ భాగాలకే అశ్విని నుంచి రేవతి దాకా నక్షత్రాల పేర్లు పెట్టారు. చంద్రుడు ఒక్కో భాగాన్ని సుమారు ఒక రోజులో దాటుతాడు. అది ఆ రోజు నక్షత్రం. సూర్యుడు అదే భాగాన్ని దాటడానికి రెండు వారాలకు దగ్గరగా పడుతుంది. అది కార్తె. జన్మనక్షత్రానికీ కార్తెకూ పేరు ఒకటే అయినా, మొదటిది చంద్రుడి లెక్క, రెండోది సూర్యుడి లెక్క.

కార్తెలన్నీ ఒకే నిడివిలో ఉండవు. భూమి సూర్యుడికి దూరంగా ఉండే జూలై తొలివారం ప్రాంతంలో సూర్యుడి నడక మందగించినట్టు కనిపిస్తుంది. అందుకే ఆరుద్ర, పునర్వసు కార్తెలకు దాదాపు 14 రోజులు పడుతుంది. భూమి సూర్యుడికి దగ్గరగా వచ్చే జనవరి తొలివారంలో నడక వేగం పుంజుకుంటుంది కాబట్టి పూర్వాషాఢ కార్తె 13 రోజుల పైచిలుకుతో ముగుస్తుంది. సగటు పదమూడున్నర రోజులు.

ఏ కార్తె నడుస్తుంటే ఆ పేరుగల నక్షత్రం సాధారణంగా సూర్యకాంతిలో మునిగి రాత్రిపూట కనిపించదు. మఖ కార్తెలో మఖ, చిత్త కార్తెలో చిత్త అలా మరుగున పడతాయి. చిత్త నక్షత్రం తన విభాగానికి సరిగ్గా నడుమ ఉండేలా భారత ప్రభుత్వ పంచాంగం లెక్క కట్టింది. ఈ లెక్క ప్రకారం చిత్త కార్తె సగం గడిచిన రోజున, అంటే అక్టోబరు 17 ప్రాంతంలో, సూర్యుడు ఆ నక్షత్రంతో ఒకే రేఖాంశంలోకి వస్తాడు. తులా సంక్రమణం జరిగేది కూడా అప్పుడే.

పుట్టుక

ఆకాశాన్ని నక్షత్రాలతో విభజించడం ఈ దేశంలో చాలా పాత పద్ధతి. వైదిక సాహిత్యంలోని నక్షత్ర పట్టికలు కృత్తికతో మొదలవుతాయి. కొన్నింటిలో అభిజిత్తును కలుపుకుని 28 పేర్లు కనిపిస్తాయి. తరువాతి సిద్ధాంత గ్రంథాల కాలానికి పట్టిక అశ్వినితో మొదలై 27 పేర్లకు స్థిరపడింది. క్రీ.శ. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో వర్షం, పైర్లు, ధాన్యం ధరల గురించి విడివిడిగా అధ్యాయాలే రాశాడు. కృషి పరాశరం పూర్తిగా సేద్యం మీద వచ్చిన సంస్కృత గ్రంథం.

శాస్త్ర గ్రంథాల్లోని ఈ లెక్క రైతుల నోట పడి తెలుగు రూపం దిద్దుకుంది. ఆర్ద్ర ఆరుద్ర అయింది. మఘ మఖ అయింది. పూర్వఫల్గుణి పుబ్బగా, ఉత్తరఫల్గుణి ఉత్తరగా, చిత్ర చిత్తగా మారాయి. కెప్టెన్ ఎం.డబ్ల్యు. కార్ 1868లో మద్రాసు నుంచి ఆంధ్ర లోకోక్తి చంద్రిక అనే పెద్ద సామెతల సంపుటం వెలువరించాడు. తెలుగు పల్లెల్లోని సేద్యపు నానుడులు అచ్చులో నిలవడానికి తోడ్పడిన తొలి ప్రయత్నాల్లో అదొకటి.

తిథి ఉండగా కార్తె ఎందుకు?

తెలుగువారి నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులే. సౌర సంవత్సరానికి 11 రోజులు తక్కువ. ఆ తేడా పేరుకుపోయినప్పుడు సుమారు 32, 33 నెలలకు ఒకసారి అధికమాసం కలిపి సరిచేస్తారు. పండుగలకు ఈ ఏర్పాటు చాలు, విత్తనానికి చాలదు. నేల వేడి, గాలి దిక్కు, వాన రాక సూర్యుణ్ణి బట్టి మారతాయి. తిథిని నమ్మి విత్తితే ఒక ఏడాది ముందు, ఒక ఏడాది వెనుక అవుతుంది.

ఏరువాక పున్నమినే చూడండి. జ్యేష్ఠ పూర్ణిమనాడు జరిగే ఈ దుక్కి పండుగ 2023లో జూన్ తొలివారంలో, రోహిణి కార్తెలోనే వచ్చేసింది. 2024లో మృగశిర ముగిసి ఆరుద్ర ప్రవేశించే రోజుల దాకా జరిగిపోయింది. 2025లో మళ్ళీ వెనక్కి వచ్చి జూన్ రెండో వారంలో మృగశిరలో పడింది. పండుగ ఇలా మూడు కార్తెల మధ్య తిరుగుతుండగా మృగశిర కార్తె మాత్రం మూడేళ్ళూ జూన్ 8 ప్రాంతంలోనే ప్రవేశించింది. రైతు పండుగను తిథితో చేసుకుని, ఆకుమడిని కార్తెతో పోశాడు. చాంద్రమానం నడిచే నేలలో సౌరమానాన్ని బతికించినవాడు రైతే.

27 కార్తెలు, ప్రవేశ తేదీలు

ఈ తేదీలు ఏడాదిని బట్టి, పంచాంగాన్ని బట్టి ఒక రోజు అటూ ఇటూ అవుతాయి.

అశ్విని – ఏప్రిల్ 14
భరణి – ఏప్రిల్ 27
కృత్తిక – మే 11
రోహిణి – మే 25
మృగశిర – జూన్ 8
ఆరుద్ర – జూన్ 22
పునర్వసు – జూలై 6
పుష్యమి – జూలై 20
ఆశ్లేష – ఆగస్టు 3
మఖ – ఆగస్టు 17
పుబ్బ – ఆగస్టు 30
ఉత్తర – సెప్టెంబరు 13
హస్త – సెప్టెంబరు 27
చిత్త – అక్టోబరు 10
స్వాతి – అక్టోబరు 24
విశాఖ – నవంబరు 6
అనూరాధ – నవంబరు 19
జ్యేష్ఠ – డిసెంబరు 2
మూల – డిసెంబరు 16
పూర్వాషాఢ – డిసెంబరు 29
ఉత్తరాషాఢ – జనవరి 11
శ్రవణం – జనవరి 24
ధనిష్ఠ – ఫిబ్రవరి 6
శతభిషం – ఫిబ్రవరి 19
పూర్వాభాద్ర – మార్చి 4
ఉత్తరాభాద్ర – మార్చి 17
రేవతి – మార్చి 31

ఒక రాశికి రెండుంపావు నక్షత్రాలు. అందుకే ఉత్తరాషాఢ మొదటి పాదం ధనురాశిలో, మిగిలిన మూడు పాదాలు మకరంలో ఉంటాయి. ఆ కార్తె ప్రవేశించిన మూడు రోజుల పైచిలుకుకు మకర సంక్రాంతి వస్తుంది. భోగి మంటలు, అంబాజీపేట మండలం జగ్గన్నతోటలో కనుమనాడు జరిగే ప్రభల తీర్థం ఉత్తరాషాఢ కార్తెలోనే జరుగుతాయి.

ఆనకట్టకు ముందు, తరువాత

ధవళేశ్వరం దగ్గర గోదావరి పాయలుగా చీలి సముద్రం చేరేలోపు ఏర్పరచిన పల్లపు నేల గోదావరి డెల్టా. 2022 ఏప్రిల్ 4 నాటి జిల్లాల పునర్విభజన తరువాత ఇది తూర్పు గోదావరి, కాకినాడ, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల్లో విస్తరించి ఉంది. ఏటా 1,100 మిల్లీమీటర్లకు పైగా వాన పడే ఈ నేలను ఒకప్పుడు కరువులు పీడించాయి. 1832–33లో తెలుగు జిల్లాలను కబళించిన డొక్కల కరువు గోదావరి తీరాన్నీ వదల్లేదు. నిండుగా పారే నది పక్కనే ఉన్నా పైరు మాత్రం వాన కార్తెల దయ మీద ఆధారపడేది. మృగశిర, ఆరుద్ర ఎండగా గడిచిపోతే నారు లేదు, నాటు లేదు.

సర్ ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ పరిస్థితిని మార్చింది. 1970లో మొదలుపెట్టి 1982 నాటికి కట్టిన కొత్త బ్యారేజీకి కాటన్ పేరే పెట్టారు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల కింద దాదాపు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. కాలువ వచ్చాక రైతు కార్తెను వదిలేయలేదు. అంతవరకూ వాన రాకను కనిపెట్టడానికి వాడిన కొలతను కాలువ రాకకు, వరద పోకకు, కోత వేళకు అన్వయించుకున్నాడు. డెల్టాలో కార్తె చరిత్రకు ఇదే ముఖ్యమైన మలుపు.

సార్వా కార్తెలు

డెల్టాలో తొలి పంట సార్వా. అంతకు ముందటి రెండో పంట దాళ్వా చేతికొచ్చాక ఏప్రిల్‌లో కాలువలు కట్టేసి పూడికతీత, లాకుల మరమ్మతులు చేస్తారు. ఇటీవలి సంవత్సరాల్లో జూన్ నెల మొదట్లోనే, అంటే రోహిణి కార్తె ఉండగానే, నీళ్ళు వదులుతున్నారు.

రోహిణి ఎండలకు కారణం ఉంది. రాజమహేంద్రవరం ఉన్న 17 డిగ్రీల అక్షాంశం మీద సూర్యుడు మే రెండో వారంలో మధ్యాహ్నం నడినెత్తికి వస్తాడు. నేలలో చేరిన వేడి ఆ తరువాత రెండు మూడు వారాల్లో పరాకాష్ఠకు చేరుతుంది. పడమటి నుంచి పొడిగాలి వీస్తుంది, మబ్బు ఉండదు. రోహిణిలో రోళ్ళు పగులుతాయన్న నానుడి ఆ రోజులదే. 2015 మే నెలాఖరు వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. పొలాల్లో, ఉపాధి పనుల్లో ఉండే కూలీలకు రోహిణి కార్తె ప్రాణాపాయ కాలమని గుర్తుపెట్టుకోవాలి.

మృగశిరతో నైరుతి రుతుపవనాలు కోస్తాను పలకరిస్తాయి. ఆకుమడి దున్ని, దమ్ము చేసి, మొలకలు చల్లేది ఇప్పుడే. ఈ కార్తె తొలిరోజున తెలుగు ఇళ్ళలో చేపల కూర వండుకునే అలవాటుంది. హైదరాబాదులో బత్తిని కుటుంబం ఉబ్బసానికి చేప ప్రసాదం పంచేది కూడా ఈ రోజే. ఆ మందు పనితీరుకు శాస్త్రీయ నిర్ధారణ లేకపోయినా వేలమంది తరలివస్తారు.

ఆరుద్ర ప్రవేశం ఏడాదిలో అతి పొడవైన పగటికి మరునాడు వస్తుంది. తొలి వానలకు నేల మెత్తబడగానే ఎర్రటి మఖమలు మెరుపుతో ఆరుద్ర పురుగులు గట్ల మీద కనిపిస్తాయి. ఇవి సాలీళ్ళ జాతికి దగ్గరి చుట్టాలైన నల్లులు. నేలలో తగినంత తడి చేరాకే పైకి వస్తాయి కాబట్టి రైతు వాటిని తేమకు సాక్ష్యంగా చూశాడు.

పునర్వసు, పుష్యమి కార్తెలు ఊడుపులవి. ఆకు తీసి కట్టలు కట్టి దమ్ము చేసిన చేలో నాటుతారు. ఆశ్లేష దాటితే ఆలస్యమైనట్టే. మఖ, పుబ్బల్లో కలుపు తీసి ఎరువు వేస్తారు, పైరు పిలకలు తొడుగుతుంది. హస్త, చిత్తల్లో పొట్ట దశ, ఈనిక. ఏ రకం వేశామన్నదాన్ని బట్టి కోత విశాఖ, అనూరాధల్లో పడుతుంది.

ఈ లెక్కలో విత్తన రకానికి పెద్ద పాత్ర ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో 1925లో స్థాపించిన వరి పరిశోధన కేంద్రం 1982లో ఎంటీయూ 7029 రకాన్ని స్వర్ణ పేరుతో విడుదల చేసింది. భారతదేశంలో అత్యంత విస్తారంగా సాగైన వరి రకాల్లో అదొకటి. పంటకాలం 145 నుంచి 150 రోజులు. మృగశిరలో జూన్ 15న ఆకుమడి పోస్తే నవంబరు రెండో వారానికి, అంటే విశాఖ కార్తెకు, కోతకొస్తుంది. ఆకుమడి ఆరుద్ర దాటి పునర్వసులో పడితే కోత జ్యేష్ఠకు జరుగుతుంది. మొదట్లో జారిన రెండు కార్తెలు చివర్లోనూ రెండు కార్తెలై తేలతాయి. ఆ చివరే తుపాన్ల కాలం.

సార్వా పైరు ఎదిగే వేళకే గోదావరిలో చేపల వేట నడుస్తుంది. పునర్వసు మొదలు ఉత్తర దాకా వరద నీరు సముద్రంలో కలిసే రోజుల్లో విలస చేప గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది. గోదావరి తీపినీటిలోకి వచ్చాక దాన్నే పులస అంటారు. బ్యారేజీ అడ్డం కాబట్టి ధవళేశ్వరం దిగువనే దాని వేట.

వరద కార్తెలు, తుపాను కార్తెలు

గోదావరికి పెద్ద వరదలు పునర్వసు నుంచి పుబ్బ దాకా వస్తాయి. నది పరీవాహక ప్రాంతం చాలావరకు మహారాష్ట్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల్లో ఉంది కాబట్టి డెల్టాలో చినుకు పడకపోయినా ఎగువ వానకు ఇక్కడ లంకలు మునుగుతాయి. 1986 ఆగస్టు 16న, ఆశ్లేష ముగిసి మఖ ప్రవేశించే వేళ, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. భద్రాచలంలో నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. నమోదైన వరదల్లో అదే పెద్దది. 2022 జూలై 16న పునర్వసులోనే భద్రాచలంలో 71.3 అడుగుల వరద వచ్చింది. జూలైలో అంత పెద్ద వరద రావడం అరుదు.

స్వాతి మొదలు మూల దాకా తుపాన్ల భయం. 1839 నవంబరు 25న అనూరాధలో వచ్చిన ఉప్పెన కోరంగి రేవు పట్టణాన్ని తుడిచిపెట్టింది. 1996 నవంబరు 6న, విశాఖ ప్రవేశించిన రోజుల్లో, కోనసీమ మీద విరుచుకుపడిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసి కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. 2018 డిసెంబరు 17న మూల కార్తె మొదట్లో పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటి, కోసి చేలో ఉన్న పనలను నీట ముంచింది. 2025 అక్టోబరు 28న స్వాతిలో మొంథా నరసాపురం సమీపంలో తీరం దాటింది.

ఈ తేదీలను పక్కపక్కన పెడితే డెల్టా రైతు అడిగే ముఖ్యమైన కోరిక అర్థమవుతుంది. కాలువకు నీళ్ళు ముందుగా వదిలితే పంట స్వాతి నాటికే ఒబ్బిడి చేసుకోవచ్చు. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేల ఎకరాలను బీడు పెట్టినప్పుడు దేశమంతా ఇటు చూసింది. గిట్టుబాటు ధర, కూలీల కొరత, మురుగు కాలువల పూడికతో పాటు నీటి విడుదల వేళ కూడా ఆనాటి చర్చలో ఉంది. ఆ పరిస్థితిని పరిశీలించడానికి ప్రభుత్వం మోహన్ కందా కమిటీని నియమించింది. జూన్ మొదట్లోనే నీళ్ళు వదలడం వెనుక ఉన్న ఆలోచన పంటను తుపాన్ల కంటే ముందే ఒబ్బిడి చేసుకోవడమే. అయితే నీళ్ళు వచ్చినా ధాన్యం డబ్బులు చేతికి రాకపోతే, పాత అప్పు తీరకపోతే ఆకుమడి ఆలస్యమవుతుంది. అప్పుడు కాలువ ముందుగా వచ్చిన ఫలితం దక్కదు.

దాళ్వా కార్తెలు

రెండో పంట దాళ్వా. జ్యేష్ఠ, మూల కార్తెల్లో ఆకుమడి పోసి, ఉత్తరాషాఢ, శ్రవణాల్లో నాట్లు ముగించి, రేవతి, అశ్వినిలో కోస్తారు. ఎంటీయూ 1010, అంటే కాటన్ దొర సన్నాలు, ఎంటీయూ 3626 అనే బొండాలు వంటి తక్కువ కాలపు రకాలు దీనికి సరిపోతాయి. ఈ కాలంలో గోదావరిలో సహజ ప్రవాహం పడిపోతుంది. సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీళ్ళు ఆదుకుంటాయి. చాలని ఏడాది కాలువలకు వంతుల వారీగా నీరిస్తారు. శివారు భూముల రైతుకు ధనిష్ఠ, శతభిషం గండ కార్తెలు. చేను పొట్ట మీద ఉంటుంది, బోదెలో నీరుండదు.

దాళ్వా కోతలవగానే సముద్రంలోనూ విరామం వస్తుంది. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట ఆపేస్తారు. అశ్విని ప్రవేశంతో మొదలై మృగశిర నడుమ ముగిసే ఈ నిషేధం కూడా ఈ నేల రుతువులకు సరిపడిన ఏర్పాటే.

మెట్టలో ఒక అర్థం, పల్లంలో మరొకటి

కార్తె సామెతల్లో చాలావరకు వానాధారపు మెట్ట సేద్యంలో పుట్టినవి. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందన్నది దుక్కికి తడి కోసం ఎదురుచూసే రైతు మాట. ఉత్తర చూసి ఎత్తర గంప అంటే, ఉత్తర కార్తె నాటికీ వానలు లేకుంటే తట్టాబుట్టా సర్దుకుని పొట్టచేత పట్టుకుని పొమ్మని. స్వాతి కురిస్తే చట్రాయి కూడా పండుతుందన్న మాటలో రెండో పంటకు దొరికే తడి మీద ఆశ ఉంది.

ఇవే మాటలు డెల్టాకు వచ్చేసరికి తిరగబడతాయి. కాలువ కింద రైతుకు ఉత్తరలో వాన లేకపోయినా గంప ఎత్తే పని లేదు. స్వాతి వానకు మాత్రం గుండె గుభేలుమంటుంది. ఈనిన పైరు పడిపోతుంది, గింజ రంగు మారుతుంది, చేలో నీరు తీయడానికి మురుగు కాలువలో దారి ఉండదు. జంగారెడ్డిగూడెం వైపు మెట్ట రైతు, భీమవరం వైపు పల్లపు రైతు ఒకే స్వాతి వానను రెండు రకాలుగా చూస్తారు. కార్తెను సామెతతో కలిపి అన్ని నేలలకూ ఒకే తీర్పుగా వాడకూడదనడానికి గోదావరి జిల్లాలే నిదర్శనం.

పంచాంగంలో కార్తె

ఏటా ఉగాదికి అచ్చయ్యే పంచాంగాల్లో ప్రతి కార్తె ప్రవేశ సమయం ఘడియల్లోనో గంటల్లోనో ఇస్తారు. గోదావరి జిల్లాల్లో పిడపర్తి వారి పంచాంగానికి మంచి ఆదరణ ఉంది. రాజమహేంద్రవరం తెలుగు పంచాంగాల, పురాణ గ్రంథాల ప్రచురణకు పేరున్న ఊరు. గొల్లపూడి వీరాస్వామి సన్, కొండపల్లి వీరవెంకయ్య అండ్ సన్స్ వంటి ప్రచురణ సంస్థలు అక్కడివే. నవనాయకుల్లో ఒకడైన మేఘాధిపతిని సూర్యుడు ఆరుద్రలో ప్రవేశించిన వారాన్ని బట్టి నిర్ణయిస్తారు. వర్షఫలాలు చెప్పే ఈ భాగం సంప్రదాయానికి సంబంధించినది. ప్రవేశ సమయం మాత్రం శుద్ధ గణితం. పాత సూర్యసిద్ధాంతం ప్రకారం గణించినవారికీ, ఆధునిక దృక్ గణితం పాటించినవారికీ ఆ సమయంలో తేడా వస్తుంది.

ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటా వ్యవసాయ పంచాంగం వెలువరిస్తుంది. రకాలు, మోతాదులు, తెగుళ్ళ నివారణ చెప్పే ఆ పుస్తకానికి పంచాంగం అన్న పేరు పెట్టడంలోనే రైతు అలవాటు పట్ల గౌరవం కనిపిస్తుంది.

ఇరుగుపొరుగు కొలతలు

సూర్యనక్షత్రంతో సేద్యం లెక్కించడం తెలుగువారికే పరిమితం కాదు. మలయాళీలు దీన్ని ఞాట్టువేల అంటారు. మన ఆరుద్రే వారి తిరువాతిర ఞాట్టువేల. మిరియపు తీగలు నాటడానికి అది మేలైన అదను. కన్నడ రైతులు వానలకే ఈ పేర్లు పెట్టి రోహిణి మళె, మఖె మళె అని పిలుస్తారు.

చైనావారు సూర్యమార్గాన్ని 15 డిగ్రీల చొప్పున 24 భాగాలు చేసి, ఒక్కోదానికి వాన, మంచు, ధాన్యం వంటి పేర్లు పెట్టుకున్నారు. యునెస్కో 2016లో ఈ 24 సౌర విభాగాలను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంగ్లీషులో రెండు వారాలకు వాడే ఫోర్ట్‌నైట్ అన్న మాట పాత ఇంగ్లీషులో పద్నాలుగు రాత్రులు అన్న అర్థమిచ్చే పదబంధం నుంచి వచ్చింది. కాలాన్ని రాత్రులతో లెక్కించే అలవాటు జర్మానిక్ తెగలకు ఉందని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ క్రీ.శ. 1వ శతాబ్దం చివర్లో రాశాడు. ఏడు రాత్రులు అనే సెన్నైట్ వాడుక పోయింది, ఫోర్ట్‌నైట్ నిలిచింది. మన పక్షం 15 తిథులు, చంద్రుడి కొలత. ఫోర్ట్‌నైట్ ఎప్పుడైనా మొదలుపెట్టి లెక్కించగల 14 రోజులు. కార్తెకు మాత్రం ఆకాశంలో నిర్ణీతమైన మొదలు, నిర్ణీతమైన చివర ఉన్నాయి. నిడివిలో మూడూ దగ్గర దగ్గరవే అయినా రుతువును పట్టి చెప్పగలిగింది కార్తె ఒక్కటే.

జరిగిపోతున్న తేదీలు

అయితే కార్తె రుతువుకు శాశ్వతంగా కట్టుబడి లేదు. భూమి అక్షం చాలా నెమ్మదిగా దిశ మార్చుకుంటుంది. దానివల్ల నక్షత్రాలతో కొలిచిన ఏడాది రుతువులతో కొలిచిన ఏడాది కంటే సుమారు 20 నిమిషాలు ఎక్కువ. ఫలితంగా మన క్యాలెండరులో కార్తె తేదీలు సుమారు 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున ముందుకు జరుగుతాయి. కాటన్ ఆనకట్ట కట్టిన నాటికీ నేటికీ తేడా రెండు రోజుల పైచిలుకు. వరాహమిహిరుడి నాటితో పోలిస్తే దాదాపు 20 రోజులు, అంటే కార్తెన్నర. ఆనాడు దక్షిణాయనం పునర్వసు చివర మొదలైతే నేడు మృగశిర చివరే మొదలవుతోంది. నేడు వాడే వాన సామెతలు రుతువుకు సరిపడుతున్నాయంటే అవి ఇటీవలి శతాబ్దాల అనుభవానివే. మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన క్యాలెండరు సంస్కరణ సంఘం ఈ తేడాను వివరంగా చర్చించింది. దాని సిఫారసుతోనే 1957 మార్చి 22న జాతీయ పంచాంగం అమల్లోకి వచ్చింది.

నేటి ఉపయోగం

వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే నాలుగు వారాలకు విస్తృత అంచనా ఇస్తుంది. మంగళ, శుక్రవారాల్లో జిల్లాల వారీ వ్యవసాయ సలహాలు వెలువడతాయి. రేపు వాన పడుతుందా అన్న ప్రశ్నకు జవాబు కార్తె దగ్గర లేదు, ఆ సలహాల్లో ఉంది. ఈ వారం పైరు ఏ దశలో ఉండాలి, మనం ఎన్ని రోజులు వెనకబడ్డాం, కోత ఏ గండంలో పడుతుంది అన్న ప్రశ్నలకు మాత్రం కార్తె ఇప్పటికీ చక్కగా జవాబు చెబుతుంది. నీటి విడుదల తేదీ నిర్ణయించే అధికారి, విత్తనం సరఫరా చేసే సంస్థ, అప్పు ఇచ్చే బ్యాంకు ఈ ప్రశ్నలను రైతు లెక్కలో వినగలిగితే చాలా నష్టం తప్పుతుంది.

కార్తె సూర్యుడి నడకకు కొలత. వానకు హామీ కాదు. సామెతను తన నేల మీద పరీక్షించుకుని, తేదీని గణితంతో సరిచూసుకుని, అంచనాను వాతావరణ శాఖ నుంచి తీసుకునే రైతుకు ఈ పాత కొలత నేటికీ పనికొస్తుంది. ప్రతి ఊరి పాఠశాలలో కార్తెవారీగా వానను కొలిచి ఒక పుస్తకంలో రాసి ఉంచితే, రాబోయే తరం మన సామెతల్లో ఏవి నిలిచాయో, ఏవి మారాయో అంకెలతో చెప్పగలుగుతుంది. ఆ పని ఈ మృగశిరతోనే మొదలుపెట్టవచ్చు.